నాపరాతి నేలలు: కడుగుటయు కాపాడుటయు

నాపబండలు పరపించుకొన్న యింటివారు ఆ నేలను దేనితో కడుగవలెను, దానికి పైపూత వేయింపవలెనా వలదా యని విచారించినచో, ముగ్గురు మూడు తీరులుగా బదులు చెప్పుదురు. ఇంటిలోని పెద్దలు మంచినీళ్ళును గుడ్డయు చాలునందురు. తాపీమేస్త్రి యాసిడు పోసి తోమిననే గాని బండ తేటపడదనును. దుకాణదారు సీలరు పట్టింపని రాయి అచిరకాలముననే చెడునని హెచ్చరించును. ఈ మూడు మాటలలోను కొంతకొంత సత్యమున్నది గాని, ఏ మాట యే రాతికి, ఏ గదికి, ఏ మరకకు వర్తించునో తెలియక మూడింటిని ఒకే నేలపై ఒకదాని వెంట నొకటిగా ప్రయోగించుటవలననే మన యిండ్లలోని మంచి నేలలు పెక్కు పాడగుచున్నవి. నడిచెడివారి పాదములవలన నాపరాతికి కలుగు హానికంటె కడిగెడివారి యుత్సాహమువలన కలుగు హాని యెక్కువయని నా నిశ్చితాభిప్రాయము.

మన ప్రాంతమున నాపబండలనగానే జ్ఞప్తికి వచ్చు పేర్లు నాలుగైదు: తాండూరు నీలిబండ, పసుపుబండ, దానికి పొరుగున, నేటి కర్ణాటకమందలి కలబురగి జిల్లాకు చెందిన షాబాదు బూడిదరంగు బండ, నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల రాయి, ఎర్రగుంట్ల పరిసరములనుండి వచ్చెడి కడప నల్లబండ. తాండూరు, 1874లో ఏర్పడిన సికిందరాబాదు-వాడి రైలుమార్గముపైననే యుండుట ఆ రాతికి దూరప్రాంతముల విపణిని సులభము చేసినది. రైలుస్టేషనుల వేదికలు మొదలుకొని బడుల వరండాలవరకు ఈ బండలు పరవని తావు తెలుగునాట అరుదు. రంగులు వేరైనను జాతి యొకటే: ఇవియన్నియు సున్నపురాళ్ళు, వీనిలో ముఖ్యద్రవ్యము కాల్షియం కార్బొనేటు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల సీమల శిలలను గూర్చి విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లోనే బృహద్గ్రంథము వెలువరించి యున్నాడు. గుల్లలు గల ప్రాణులు పుట్టకమునుపే సముద్రగర్భమున పేరుకొన్న పొరలగుటచేత, ఐరోపా సున్నపురాళ్ళలో కనబడు శంఖముల, ఆల్చిప్పల ఆనవాళ్ళు మన నాపరాళ్ళలో కానరావు. ఆ పొరల మూలముననే గనిలో పనివాడు ఉలిని సందున నిలిపి సుత్తితో నాలుగు దెబ్బలు వేసినంతనే బండ పలకగా విడివడును. ఆ పొరల నడుమ చిక్కిన సన్నని బంకమన్ను మూలముననే కొన్ని బండలు తడికి ఉబ్బి, ఏండ్లు గడచిన పిదప పెచ్చులు లేచును. కొనునప్పుడు అంచును చూచి, మట్టిచారలు గల బండను స్నానపుగదికి, పెరటికి వాడకుండుట మేలు. ఆ లోపమును తరువాత ఏ మందును మాన్పజాలదు.

సున్నపురాతికి పరమశత్రువు ఆమ్లము. ఆకాశమునుండి పడిన వాననీరు గాలిలోను మట్టిలోను గల బొగ్గుపులుసు వాయువును కొంత గ్రహించి, మిక్కిలి బలహీనమైన ఆమ్లముగా మారి, పగుళ్ళలో దిగి, యుగయుగములు రాతిని కరగించినందుననే కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైబడిన పొడవున ఏర్పడినవి. వాననీటికి యుగములు పట్టిన ఆ పనినే నిమ్మరసము మన వంటింటి గట్టుపై క్షణములలో ఆరంభించును. కడప నల్లబండ పరచిన గట్టుపై నిమ్మచెక్క పిండి మరచిపోయి, మరునాడు చూచినచో అచట తెల్లబారిన మచ్చ యొకటి నిలిచియుండును. తడిపినంతసేపు మాయమగును, ఆరినవెంటనే తిరిగి తేలును. దానిని మరకయనుకొని ఎంత తోమినను పోదు. ఏలయన అది రాతిపై చేరిన పదార్థము కాదు, రాతినుండి పోయిన పదార్థము. మరక వేరు, కాటు వేరు అను నీ భేదము గ్రహింపనివారే సబ్బుమీద సబ్బు మార్చి అలసిపోవుచున్నారు. మరకను వెలికి తీయవచ్చును. కాటు పడినచోట చుట్టునున్న రాతిని ఆ లోతువరకు అరుగదీసి సమము చేయుట తప్ప వేఱు దారి లేదు.

తెలుగింట ఆమ్లమునకు కొదువ యేమి? చింతపండు పులుసు, మజ్జిగ, ఆవకాయకాలమున ముక్కలు కొట్టునప్పుడు చిమ్మెడి పచ్చిమామిడి రసము, దిష్టి తీసి గుమ్మమున త్రొక్కించిన నిమ్మకాయలు, ఇవియన్నియు రాతికి పులుపులే. గృహప్రవేశమునాడే క్రొత్త నేలపై మొదటి కాటు పడుట నేను పెక్కు యిండ్లలో చూచితిని. ఆచారమును మానుమనుట నా యుద్దేశము కాదు. క్రింద అరటియాకో పీటయో యుంచినచో ఆచారమును నిలుచును, గుమ్మమును నిలుచును. అమెరికాలో ట్రావర్టైను పరచిన యిండ్లలో కాపురముండు మనవారికిని ఇదే మాట. ట్రావర్టైనును సున్నపురాతి జాతిదే, పులుసుచుక్కకు అదియు లొంగును.

ఇక యాసిడు సంగతి. బండలు పరచి, సందులలో సిమెంటు నింపిన పిమ్మట, పైన అంటిన సిమెంటు తెల్లపొరను వదలించుటకు కొందరు పనివారు హైడ్రోక్లోరికామ్లమును నీళ్ళలో కలిపి పోయుదురు. నురుగు బుసబుస పొంగును. యజమాని మురికి పోవుచున్నదని సంతసించును. పొంగునది మురికి కాదు, రాతినుండి విడివడిన వాయువు. మెరుగు పోయి రాయి గరుకుబారుట ఒక నష్టము. అంతకంటె కనబడని నష్టము మరియొకటి కలదు. ఆ చర్యవలన పుట్టెడి కాల్షియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చు గుణము గలది. సరిగా కడిగివేయనిచో అది రంధ్రములలోను సందులలోను మిగిలి, వానకాలము వచ్చినప్పుడెల్ల నేలపై ఆరని చెమ్మమచ్చలుగా పొడచూపును. మరుగుదొడ్లు కడుగు సీసామందులలో పెక్కింటను ఉండునది ఈ ఆమ్లమే. గొట్టపుబావుల చవిటినీటివలన కుళాయి క్రింద పేరుకొన్న తెల్లని గారను వదలించుటకు ఆ మందును వాడువారు ఒక్క విషయము స్మరింపవలెను: ఆ గారయు ప్రధానముగా కాల్షియం కార్బొనేటే, క్రింది రాయియు అదే, ఏది గార, ఏది బండ యని ఆమ్లము ఎంచి చూడదు. గారను చెక్కపలకతో మెల్లగా గీకుట శ్రమయైనను క్షేమము. ఆమ్లపు మందును బ్లీచింగు నీటితో కలుపుట రాతికి మాత్రమే గాక ప్రాణమునకును ముప్పు. ఆ కలయికనుండి విషవాయువగు క్లోరీను వెలువడును.

అయితే పాలిషు మేస్త్రులు కడపటి విడతలో చల్లెడి ఆక్జాలికామ్లపు పొడిని ఈ నిందలో చేర్చుట న్యాయము కాదు. అదియు ఆమ్లమే, త్రాగిన విషమే. కాని సున్నపురాతిపై దాని పని వేరు. అది రాతితో కలిసి నీటిలో కరగని కాల్షియం ఆక్జలేటును పుట్టించును; యంత్రపు రాపిడితో ఆ సన్నని పొర రాతిపై అణగి మెరుగునిచ్చును, కొంత రక్షణమును గూర్చును. పాలరాతి శిల్పములను, కట్టడములను సంరక్షించు నిపుణులు సైతము ఆక్జలేటు పొరను బుద్ధిపూర్వకముగా కల్పించు పద్ధతి నొకదానిని అవలంబించుచున్నారు. కావున మేస్త్రి చేతి ఆక్జాలికు అనుభవసిద్ధమైన విద్యయే. దోషమెల్ల, అదే చేతితో మరునాడు సిమెంటుమరకకు పోసెడి ఘాటైన యాసిడులో నున్నది.

ఆమ్లము తరువాతి శత్రువు నూనె. సున్నపురాతికిని జిడ్డునకును గల చుట్టరికము ముద్రణచరిత్ర నెరిగినవారికి తెలిసినదే. 1796 ప్రాంతమున అలోయిస్ సెనెఫెల్డరు అను నాటకకర్త బవేరియాలోని సోల్నుహోఫెను సున్నపురాతిపై జిడ్డుసిరాతో వ్రాసి, తడిపి, మరల సిరా పూసి చూడగా, వ్రాతయున్నచోటనే సిరా యంటి, తడిచోట అంటకుండుటను ఆధారముగా గొని శిలాముద్రణమును కనిపెట్టెను. ఆ రాయి జిడ్డును ఎంత గాఢముగా పట్టియుంచునో ఆ కళయే సాక్ష్యము. దేవుని గదిలో దీపపు సెమ్మె క్రింద, పొయ్యి ప్రక్కన, నూనెడబ్బా పెట్టుచోట నల్లబారిన వలయములు అట్టివే. నీళ్ళతో తుడుచుటవలన అవి పోవు. నూనెను రాతినుండి పైకి లాగవలెను. ముల్తానీ మట్టినో సుద్దపొడినో తినుసోడాతోను నీటితోను కలిపి ముద్దజేసి, మరకపై అరంగుళము మందమున పట్టించి, పైన ప్లాస్టిక్కు కాగితము కప్పి ఒక దినముంచి, పిదప కాగితము తొలగించి పూర్తిగా ఆరనిచ్చినచో, ఆరుచున్న మట్టి తడితోపాటు జిడ్డునుకూడ పైకి గుంజుకొనును. ఒక్కసారికి సగమే పోవుట మామూలు. రెండు మూడు మార్లు పట్టింపవలసి యుండును. మొండిమరకకు నీటికి మారుగా ఎసిటోను కలుపుదురు. అప్పుడు పొయ్యి, దీపము ఆర్పి, కిటికీలు తెరచుట విధి.

పసుపుమరక స్వభావము విచిత్రము. గడపనుండి చిందిన పసుపునీటిపై సబ్బునీరు పడగానే మరక కుంకుమవలె ఎర్రబారి యింటివారిని కలవరపెట్టును. భయపడ పనిలేదు, పసుపులోని రంగు క్షారమునకు ఎర్రబారుట దాని నైజము, తేటనీటితో కడిగినచో మరల పసుపగును. ఎండ తగులుచోట కొన్ని దినములలో అదియే వెలిసిపోవును. ఎండ సోకని మూలలో, లేతరంగు బండయైనచో, హైడ్రోజను పెరాక్సైడుతో తడిపిన మట్టిముద్ద పనిచేయును. నల్లబండపై దానిని వాడరాదు, రంగు పలుచబడును. ఇక గ్యాసుబండ అడుగున పడు గుండ్రని తుప్పుమరక అన్నింటిలో మొండిది. తుప్పు వదలించు మందులు చాలవరకు ఆమ్లములే యగుటచేత మరక పోయినచోట కాటు మిగులును. సిలిండరు క్రింద ఒక చక్రాల పీట చేర్చుట ఆ మందులన్నిటికంటెను చవుక.

నిత్యము చేయవలసిన పని చాల చిన్నది, కాని దానినే మనము తారుమారు చేయుచున్నాము. కాఠిన్యమును కొలుచు మోసు మానమున సున్నపురాతిలోని కాల్సైటు 3వ మెట్టున, ఇసుకలోని క్వార్ట్జు 7వ మెట్టున నున్నవి. వాకిటినుండి చెప్పులతో వచ్చిన ఇసుకరేణువు అడుగడుగున బండను గీయును. పాలిషు పెట్టించిన హాలులో నడకదారి మాత్రము మసకబారుటకు కారణమిదే. కావున తడిగుడ్డకు ముందు చీపురు, చీపురుకు ముందు గుమ్మమున పట్టా. ఊడ్వక తడిగుడ్డ వేయుట ఇసుకతో రుద్దుటయే. గుడ్డను గట్టిగా పిండి తుడువవలెను. బకెట్లతో కుమ్మరించి కడుగుట పండుగలకు, పెండ్లికి సరే గాని, ప్రతిదినము చేసినచో సందులగుండ నీరు దిగి, మట్టిచారలు గల బండలను పెచ్చులు లేపును. సబ్బు వాడదలచినచో క్షారముగాని ఆమ్లముగాని కాని తటస్థమైన ద్రవమును, అదియు కొద్దిగా, కలుపవలెను. మామూలు సబ్బు చవిటినీటిలోని సున్నముతో కలిసి తెట్టుగా మారి, నేలను జారుడుగాను మసకగాను చేయును. తుడుచు నీళ్ళలో కిరసనాయిలు చుక్కలు వేయు పాతవాడుక చీమలకు పనికివచ్చునేమో గాని, మిగిల్చిన జిడ్డుపొర దుమ్మును పట్టి, మూడునాళ్ళ మెరుపు తరువాత మూడింతల మురికిని చూపును. కొబ్బరినూనెతో కడప బండను నిగనిగలాడించుటయు ఇట్టిదే.

ఇప్పుడు సీలరు వివాదమునకు వత్తము. ఈ విషయమున వాదములు పెరుగుటకు మూలము, పడమటి దేశములలో అచటి మెత్తని సున్నపురాళ్ళ కొరకు వ్రాసిన హితవులను మనవారు యథాతథముగా దిగుమతి చేసికొనుట. అమెరికా ప్రమాణము సున్నపురాళ్ళను సాంద్రతనుబట్టి మూడు తరగతులు చేసి, తేలిక రాయి తన బరువులో 12 శాతము వరకు, మధ్యమము 7.5 శాతము వరకు, దట్టపు రాయి 3 శాతము వరకు నీటిని పీల్చుటను అంగీకరించుచున్నది. పండ్రెండు శాతము పీల్చు రాతికి పూత లేనిదే గతిలేదనుట నిజము; కాని మంచి తాండూరు బండ, కడప బండ దట్టమైన జాతివి, పీల్చుట మిక్కిలి స్వల్పము. వానికి అదే మోతాదున పూత పట్టించినచో మందు లోనికి పోవుటకు చోటులేక పైననే నిలిచి, జిగురుపొరగా ఎండి, మబ్బుపట్టినట్లు కనబడును. అందుచేత దుకాణమునకు పోవుటకు ముందు నేలనే ప్రశ్నింపవలెను: చెంచాడు నీటిని బండపై పోసి, పదునైదు నిమిషములు ఉంచి తుడిచి చూచినచో, రంగు ముదిరియున్న రాయి పీల్చినట్లు, మారకున్న రాయి పీల్చనట్లు. మారని హాలునేలకు పూత వృథావ్యయము. రంగు ముదిరిన వంటింటి నేలకు, భోజనపుగదికి, లేత పసుపు బండకు పూత సమంజసము. నూనెయు పసుపును లోనికి దిగుటను అది ఆలస్యము చేయును. ఆలస్యము చేయుననియే చెప్పితిని గాని ఆపుననలేదు.

పూతలలో రెండు జాతులు. మొదటిది రాతిపై పొరగా నిలుచునది: మైనము, అక్రిలికు మొదలగునవి. ఇవి మొదటి నెలలో అద్దమువలె మెరసి, పిదప నడకదారిలో గీరుకొని, అంచులలో పసుపుబారి, క్రిందినుండి వచ్చు చెమ్మకు పొలుసులుగా లేచును. వదలించుటయు పెద్ద పని. ఇండ్ల నేలలకు వీనిని నేను సిఫారసు చేయను. రెండవది రాతి రంధ్రములలోనికి దిగి, పైన కనబడకుండ, ఆ రంధ్రముల గోడలకు నీరంటకుండ చేయునది. ఇందును ఒక మెలకువ కలదు: సైలేను జాతి మందులు ఇసుకపాలు గల ఇటుక, గ్రానైటు వంటివానితో గట్టిగా బంధించుకొనును గాని కాల్సైటుతో వాని బంధము అంత బలమైనది కాదు, నూనెను గూడ ఆపవలెనన్నచో ఫ్లోరీను సమ్మేళనములు గల మందులు మేలు. డబ్బాపై సున్నపురాతికి, పాలరాతికి అని స్పష్టముగా లేని మందును కొనరాదు. పట్టించు విధము సులభమే: నేల శుభ్రమై, సంపూర్ణముగా ఆరియుండవలెను, పలుచగా పూసి, రాయి పీల్చగా మిగిలినదానిని ఆరకముందే పొడిగుడ్డతో తుడిచివేయవలెను. ఆ కడపటి తుడుపును సోమరితనమున విడిచిన చోటనే చారలు నిలుచును. మరల ఎప్పుడు వేయవలెనన్న ప్రశ్నకు డబ్బాపై వ్రాసిన గడువు ప్రమాణము కాదు. నీటి పరీక్షయే ప్రమాణము.

ఏ పూతయైనను నిమ్మకాయ కాటును ఆపలేదు. పూత రంధ్రములను కాచును, ముఖమును కాదు. ఆమ్లము తినునది ముఖమును. ఈ సంగతి చెప్పకుండ పూతలు అమ్మువారిని నేను వంచకులనను గాని, సగము చెప్పువారని యనక తప్పదు.

చెమ్మ నేలలకు పూత మేలుకంటె కీడే చేయును. పునాదినుండి ఎగబ్రాకు తడి తనతో లవణములను మోసికొనివచ్చి, రాతి ముఖమున ఆరి, తెల్లని ఉప్పుగా పూయును. పైన పూత మూసినచో ఆ ఉప్పు రాతిలోపలనే స్ఫటికించి, రంధ్రములను పగులగొట్టి, ముఖమును పొడిపొడిగా రాల్చును. క్రొత్త నేలలలో సిమెంటు పరుపు ఆరుటకు మిల్లీమీటరు మందమునకు ఒక దినమని ఇంగ్లండు పనివారి వాడుక లెక్క. మన వానకాలమున అంతకంటె ఎక్కువ ఓపిక కావలెను. ఉప్పు పూచినచో నీళ్ళు పోయక, పొడి బ్రష్షుతో ఊడ్చి, పూయుట ఆగువరకు వేచియుండి, తడి యెచటనుండి వచ్చుచున్నదో వెదకి సరిచేయుట ఒక్కటే చికిత్స.

మెరుగు పోయిన పాతనేలను తీసివేసి టైల్సు పరపించుటకు పూనువారు ఒక్క క్షణము ఆగవలెను. కార్బొరండపు రాళ్ళతోనో వజ్రపు తునకలు పొదిగిన పలకలతోనో, గరుకు తరగతినుండి నునుపు తరగతికి క్రమముగా యంత్రము పట్టించినచో, గీతలును కాట్లును అరిగి, నేల క్రొత్తదియే యగును. అద్దపు మెరుపు కోరుటకంటె, మసక నునుపు వద్ద ఆపించుకొనుట నాకు నచ్చిన పద్ధతి. అట్టి నేలపై కాట్లు అంతగా కనబడవు, కాలును జారదు. పట్టించునప్పుడు వచ్చు తెల్లని రాతిబురదను మోరీలో పోనీయరాదు. గొట్టములో గట్టిపడి పూడును.

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారికి ఒక మనవి: పరచగా మిగిలిన బండలలో రెంటిని పారవేయక పెరటిలో దాచుకొనుడు. సీలరైనను, సబ్బైనను, పాలిషువాని క్రొత్త పొడియైనను మొదట వానిపై వేయించి, మరునాడు పగటి వెలుతురున చూచి, ఆ తరువాతనే హాలులోనికి రానిండు.